నీళ్లెంత లోతో ఫోన్లో చెప్పకండి

పోయిన సెప్టెంబర్‌లో మా బేటీ నిఖా కర్నూల్లో అయ్యింది. అల్‌హమ్దులిల్లా, పిల్ల తన ఇంట్లో ఖుషీగా ఉంది. షాదీ ఎలా జరిగిందని అడిగిన వాళ్లందరికీ బిర్యానీ బాగా కుదిరిందనీ, సమ్ధీలు షరీఫ్ మనుషులనీ చెప్పాను. ఒక్క సంగతి మాత్రం చెప్పలేదు. ఆ సాయంత్రం నేను చేసిన ఒక ఫోన్ వల్ల నా భాంజా, అతని బీవీ కార్లో ఉండగానే నీళ్లలో చిక్కుకున్నారు. ఇద్దరూ సలామత్‌గా బయటపడ్డారు కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను. లేకపోతే మా ఆపాకి ఏ ముఖం చూపించేవాణ్ణో తెలియదు.

ముందు ఆ కారు సంగతి చెప్పాలి. మా భాంజాకి చిన్నప్పటి నుంచీ కార్ల షౌక్. సెలవులొస్తే మా అబ్బా షెడ్లోనే ఉండేవాడు. నట్లూ బోల్టులూ కిరోసిన్‌లో కడుగుతూ, చేతులు నల్లగా చేసుకుని ఇంటికొచ్చి మా అమ్మీ చేత తిట్లు తినేవాడు. తర్వాత చదువుకున్నాడు, హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, టోలీచౌకీలో ఇల్లు తీసుకున్నాడు. రెండేళ్ల క్రితం సెకండ్ హ్యాండ్‌లో ఒక స్పోర్ట్స్ కారు కొన్నాడు. రెండే డోర్లు, వెడల్పు టైర్లు, నేలకు అంటుకుపోయినట్టు ఉంటుంది. అందులో కూర్చోవడం అంటే జానమాజ్ మీద కూర్చున్నట్టే, దిగాలంటే నాలాంటి వాడు ఎవరి చెయ్యైనా పట్టుకోవాలి. ఖాన్‌దాన్‌లో సగం మంది మాషాఅల్లా అన్నారు, సగం మంది ఇస్రాఫ్ అన్నారు. నేను ఏమీ అనలేదు. హలాల్ సంపాదనతో కొనుక్కున్నాడు, వాడి షౌక్ వాడిది.

నిఖా అసర్ తర్వాత పెట్టుకున్నాం. భాంజా గవాహ్‌గా ఉండాలని మా బేటీ ముందే జిద్దు పట్టింది. ఇద్దరూ ఒకే ఇంట్లో పెరిగారు, వాడంటే దానికి సగ్గా భాయ్ కంటే ఎక్కువ. వాడు హైదరాబాద్‌లో పొద్దున పదకొండుకి బయల్దేరాడు. టోలీచౌకీ నుంచి కర్నూలుకి రెండు వందల పది, ఇరవై కిలోమీటర్లు. మామూలు రోజైతే నాలుగు గంటల్లోపే వచ్చేస్తాడు. ఆ రోజు జడ్చర్ల దాటిన దగ్గర్నుంచీ వాన పట్టుకుంది.

రెండు గంటలకి ఫోన్ చేశాను, పెబ్బేరు ఇంకా రాలేదన్నాడు. "ఇంత పెద్ద ఇంజిన్ పెట్టుకుని ఎద్దులబండిలా వస్తున్నావేం రా?" అన్నాను. పక్కనున్న వాళ్లు నవ్వారు. వాడు కూడా నవ్వి, "మామూ, రోడ్డు మీద నీళ్లు నిలిచాయి, అరవై మీదికి పోవడం లేదు" అన్నాడు.

వాడు చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని. ఆ సంగతి నాకు తెలుసు కూడా. 1996 నుంచి పద్నాలుగేళ్లు షార్జాలో గ్యారేజీలో పనిచేసినవాణ్ణి. ఇలాంటి కార్లను ఎన్నింటినో విప్పి బిగించాను. వాటి టైర్లు వెడల్పు. ఎండ రోడ్డు మీద ఆ వెడల్పే బలం, తడి రోడ్డు మీద అదే బలహీనత. సన్న టైరు నీళ్లను కోసుకుంటూ పోతుంది. వెడల్పు టైరు కింద పక్కలకి తోసెయ్యాల్సిన నీళ్లు ఎక్కువ, పైనుంచి పడే బరువు మాత్రం ఎక్కువ చోటు మీద పంచుకుపోయి ఉంటుంది. ఒక వేగం దాటాక ఆ నీళ్లు పక్కకి పోయే టైమ్ ఉండదు, టైరు నీళ్ల మీదికి ఎక్కి కూర్చుంటుంది. అప్పుడు స్టీరింగ్ తిప్పితే బండి తిరగదు, బ్రేక్ నొక్కితే ఆగదు. విమానాల టైర్ల మీద అమెరికాలో నాసా వాళ్లు 1960లలో చేసిన పరీక్షల నుంచి ఒక లెక్క వచ్చింది. దాని ప్రకారం టైర్లో గాలి 32 పి.ఎస్.ఐ. ఉంటే, నీళ్లు టైరు గాట్ల కంటే లోతుగా నిలిచిన చోట దాదాపు 94 కిలోమీటర్ల వేగంలో టైరు తేలుతుంది. ఇది కాగితం మీది లెక్క. గాట్లు అరిగితే, గాలి తగ్గితే, టైరు వెడల్పైతే అంతకంటే చాలా ముందే తేలుతుంది. కారు టైరు గాట్లు 1.6 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉండకూడదని మన కానూన్. నేనైతే ఇలాంటి కారుకి మూడు మిల్లీమీటర్ల దగ్గరే మార్పించమంటాను. లక్షలు పోసి కారు కొని టైర్ల దగ్గర కంజూసీ చేసేవాళ్లని షార్జాలోనూ చూశాను, ఇక్కడా చూస్తున్నాను.

హైవేలో నీళ్లు అన్నిచోట్లా ఒకేలా ఉండవు. ఎడమ లేన్‌లో లారీల చక్రాలు తొక్కి తొక్కి రెండు గాళ్లు పడి ఉంటాయి, నీళ్లు వాటిలో నిలుస్తాయి. కుడి లేన్ బాగుంది కదా అని అటు పోతే, డివైడర్ పక్కన నీళ్లు పోయే తూములు మట్టితో మూసుకుపోయిన చోట సరిగ్గా ఆ లేన్లోనే మడుగు కడుతుంది. కుడి చక్రాలు నీళ్లలో, ఎడమ చక్రాలు పొడి రోడ్డు మీద పడితే కారు ఒక్కసారిగా ఒకవైపు లాగుతుంది. అలాంటప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా తియ్యాలి, స్టీరింగ్ నేరుగా పట్టుకోవాలి, బ్రేక్ మీద దూకకూడదు. క్రూజ్ కంట్రోల్ వానలో అసలు వద్దు. ట్రాక్షన్ కంట్రోల్ బటన్ జోలికి పోవద్దు, యూట్యూబ్‌లో ఎవరో దాన్ని ఆఫ్ చేసి విన్యాసాలు చేశాడని మనమూ చెయ్యక్కర్లేదు. ఇంకోటి, కింద కూర్చుని నడిపేవాడి కళ్లు లారీ చక్రం ఎత్తులో ఉంటాయి. లారీ వెనక పోతే అది చిమ్మే నీళ్లు తప్ప మరేం కనిపించదు. లారీ డ్రైవర్‌కి కూడా మనం కనిపించం. హెడ్‌లైట్లు వేసుకుని దూరంగా ఉండటమే మార్గం. మనవాళ్లు వాన రాగానే నాలుగు ఇండికేటర్లూ మినుకు మినుకుమంటూ వేసుకుని పోతారు చూశారా, ఆ అలవాటు ఎవరు నేర్పారో గానీ చాలా గలత్. ఇక ఆ బండి ఎటు తిరగబోతోందో వెనకవాడికి ఎలా తెలుస్తుంది?

ఇవన్నీ భాంజాకి తెలుసు, వాడు అలాగే నడుపుకుంటూ వచ్చాడు. అలంపూర్ చౌరస్తా దాటాడు, తుంగభద్ర వంతెన దాటి ఊళ్లోకి వచ్చాడు. షాదీఖానా ఇంకా మూడు కిలోమీటర్లు. మధ్యలో రైలు పట్టాల కింద నుంచి పోయే దారి ఉంది, అండర్ బ్రిడ్జి. వాన పడితే అందులో నీళ్లు నిలుస్తాయని ఊరంతటికీ తెలుసు. వాడు అక్కడ ఆపి నాకు ఫోన్ చేశాడు.

"మామూ, బ్రిడ్జి కింద నీళ్లున్నాయి. చుట్టూ తిరిగి వస్తే ఎంతసేపు?"

చుట్టూ తిరిగితే ముప్పావుగంట. ఇక్కడ ఖాజీ సాబ్ మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నారు, మగ్రిబ్ తర్వాత ఆయనకి ఇంకో నిఖా ఉంది. సమ్ధీ సాబ్ మర్యాదకి ఏమీ అనడం లేదు గానీ, వాళ్ల తరఫు పెద్దలు ఒక్కొక్కరే లేచి అటూ ఇటూ తిరుగుతున్నారు. నాకు తల తిరిగిపోయింది. గుమ్మం దగ్గర నిలబడి చూస్తే మా ఛోటే భాయ్ అప్పుడే స్కార్పియో దిగుతున్నాడు, వాడు ఆ బ్రిడ్జి కింద నుంచే వచ్చాడు. "ఎంతున్నాయిరా నీళ్లు?" అన్నాను. "ఏముంది భాయ్, మోకాలు కూడా లేదు, బైకులు పోతున్నాయి" అన్నాడు.

అదే మాట నేను ఫోన్లో చెప్పాను. "ఏం లేదు, మోకాలు కూడా లేదట. బైకులు పోతున్నాయి. వచ్చెయ్, అందరూ నీ కోసమే బైఠాయించి ఉన్నారు."

ఆ పక్కనుంచి బహు గొంతు వినిపించింది, "వద్దు, వెనక్కి తిప్పండి" అని. రెండుసార్లు అంది. ఆమె మైకా విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు నీళ్లు ఇంట్లోకి వస్తే డాబా మీద రోజుల తరబడి గడిపిన ఖాన్‌దాన్ వాళ్లది. నీళ్లు చూడటానికి ఎలా ఉంటాయో, దిగితే ఎలా ఉంటాయో మా అందరికంటే ఆమెకే బాగా తెలుసు. నేను ఆమె మాట విన్నాను, విని కూడా, "జల్దీ రా బేటా" అని పెట్టేశాను.

స్కార్పియోకీ, బైకుకీ, మా భాంజా కారుకీ తేడా ఇప్పుడు మీకు చెబుతాను. అప్పుడు వాడికి చెప్పాల్సింది. బైకు ఇంజిన్ గాలి పీల్చే చోటు సీటు కింద ఉంటుంది, నడిపేవాడి తొడల ఎత్తులో. అందుకే బైకు మోకాలి నీళ్లలో బుడబుడలాడుతూనైనా పోగలదు. స్కార్పియో లాంటి పెద్ద బండి పొట్ట నేలకు దాదాపు ఇరవై సెంటీమీటర్ల పైన ఉంటుంది, గాలి లోపలికి పోయే గొట్టం బానెట్ కింద పైభాగంలో. ఈ స్పోర్ట్స్ కార్ల పొట్ట నేలకు పది నుంచి పదమూడు సెంటీమీటర్లు. అంటే బెత్తెడు కంటే కొంచెం ఎక్కువ. చాలావాటిలో గాలి పీల్చే నోరు ముందు బంపర్ వెనకాలో, చక్రం పక్కనో కిందికే ఉంటుంది. చల్లగాలి అక్కడ బాగా దొరుకుతుందని అలా పెడతారు. మోకాలి లోతు అంటే దాదాపు యాభై సెంటీమీటర్లు. ఆ లోతు స్కార్పియోకి ఖతరా, ఈ కారుకి ఖబరస్తాన్.

ఇంకో హిసాబ్ చూడండి. అలాంటి కారు అడుగుభాగం ఆరేడు చదరపు మీటర్లు ఉంటుంది. నీళ్లు దాని పొట్టని దాటి పది సెంటీమీటర్లు పైకి లేస్తే ఆరేడు వందల కిలోల బరువుని పైకి ఎత్తుతాయి. ఇంకో పది లేస్తే పద్నాలుగు వందల కిలోల కారు, డోర్లలోంచి నీళ్లు లోపలికి చేరేలోపు, చక్రాల మీద కాకుండా నీళ్ల మీద ఉంటుంది. మామూలు చిన్న కార్లు ఒక అడుగు నీళ్లకే తేలిపోవచ్చని అమెరికా వాతావరణ శాఖ వాళ్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. రెండడుగుల పారే నీళ్లు పెద్ద బండ్లని కూడా తీసుకుపోతాయి. మనం మాత్రం, "బరువైన బండి, ఏమీ కాదు" అంటాం.

తర్వాత జరిగింది వాడు చెబితే తెలిసింది. దిగేటప్పుడు నీళ్లు తక్కువే కనిపించాయట. అండర్ బ్రిడ్జి అంటే గిన్నె లాంటిది, అంచు దగ్గర చూసి అడుగు ఎంతుందో చెప్పలేం. మధ్యకి వచ్చేసరికి నీళ్లు బానెట్ మీదికి వచ్చాయి. ఎదురుగా ఒక ట్రాక్టర్ దిగింది, దాని అల వచ్చి కొట్టింది. ఇంజిన్ ఒక్కసారి దగ్గినట్టు దగ్గి ఆగిపోయింది. వాడు స్టార్ట్ బటన్ నొక్కాడు. పట్టుకోలేదు. మళ్లీ నొక్కాడు.

గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. ఇంజిన్ బతికేదే గాలిని నలిపి. ఆ సిలిండర్లోకి నీళ్లు చేరాక తిప్పితే, పిస్టన్ పైకి వచ్చి నీళ్లకి కొట్టుకుంటుంది, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి కర్నూలు మునిగినప్పుడు మా అబ్బా షెడ్డూ మునిగింది. నేను అప్పుడు షార్జాలో ఉన్నాను. నీళ్లు తీశాక ఆయన దగ్గరికి వచ్చిన ప్రతి బండికీ మొదటి మాట ఒకటేనట, "తాళం తిప్పకు." స్పార్క్ ప్లగ్గులు ఊడదీసి, ఇంజిన్‌ని చేత్తో తిప్పి, లోపలి నీళ్లు బయటికి కక్కించాకే మిగతా పని. అలా ఎన్నో బండ్లు బతికాయి. ఓపిక పట్టలేక ఇంట్లోనే స్టార్ట్ చేసి చూసుకున్న వాళ్లవి చచ్చాయి. అదే షెడ్లో నట్లు కడిగిన పిల్లవాడు ఆ కంగారులో బటన్ రెండుసార్లు నొక్కాడు. వాణ్ణి ఏమంటాను? నేను ఫోన్లో తొందరపెట్టినవాణ్ణి.

బహు మాత్రం నీళ్లలోకి దిగుతున్నప్పుడే తన వైపు అద్దం కిందికి దించేసింది. ఎందుకు దించావని తర్వాత అడిగితే, "ఆగిపోతే తర్వాత దిగదు కదా మామూ" అంది, అంతే. ఆ అద్దమే ఇద్దరినీ కాపాడిందని నా నమ్మకం. ఇలాంటి రెండు డోర్ల కార్లలో చాలావాటికి డోర్ పైన ఫ్రేమ్ ఉండదు. డోర్ తియ్యగానే అద్దం దానంతటదే కొంచెం కిందికి జరుగుతుంది, అప్పుడే డోర్ సాఫీగా వస్తుంది. కరెంటు పోతే ఆ అద్దం జరగదు. పైగా బయట నీళ్లు నొక్కుతుంటే డోర్ తెరవడం మగవాడి వల్ల కూడా కాదు. 2005 జులై 26న ముంబైలో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడినప్పుడు కార్లలోనే ఉండిపోయి ప్రాణాలు వదిలినవాళ్లు ఉన్నారు. 2023 మే 21న బెంగళూరు కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్‌లో కారు మునిగి చనిపోయింది మన ఆంధ్ర పిల్లే, ఇరవై రెండేళ్ల ఉద్యోగి, ఖాన్‌దాన్‌తో కలిసి ఊరు చూడటానికి బయల్దేరింది. ఊరి నడిబొడ్డున, పట్టపగలు. ఆ వార్త చదివినప్పుడు నేను కూడా "ఆ డ్రైవర్‌కి అక్ల్ ఉండొద్దూ" అన్నవాణ్ణే.

పక్క బస్తీ పిల్లలు నలుగురు ఈదుకుంటూ వచ్చి, అద్దంలోంచి ముందు బహుని, తర్వాత భాంజాని బయటికి లాగారు. వాళ్ల పేర్లు కూడా మేం అడగలేదు ఆ గడబిడలో. మర్నాడు వెతుక్కుంటూ వెళ్లి కలిశాను. దావత్‌కి రమ్మంటే సిగ్గుపడ్డారు, దేగ్‌లో కొంత వాళ్ల గల్లీకే పంపించాను. వాళ్ల రుణం దాంతో తీరుతుందా ఏమన్నానా!

ఇక్కడ షాదీఖానాలో ఏమైందో తెలుసా? పావుగంట చూసి, ఖాజీ సాబ్ మా బావమరిది కొడుకుని గవాహ్‌గా కూర్చోబెట్టి నిఖా చదివేశారు. హాల్లో నాలుగు వందల మంది ఉన్నారు, వాళ్లలో ఎవరైనా గవాహ్ కావచ్చు. ఆ సంగతి నేను ఫోన్ చేసినప్పుడు కూడా నాకు తెలుసు. తడిసిన బట్టలతో భాంజా వచ్చేసరికి ఖజూర్లు పంచుతున్నారు. ఆపా వాణ్ణి చూసి ఒక్క మాట అనలేదు, బహుని పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. ఆ మౌనం నాకింకా గుచ్చుకుంటోంది.

మర్నాటి నుంచీ ఖాన్‌దాన్‌లో మాటలు మొదలయ్యాయి. "అలాంటి కారు మన రోడ్లకి దేనికి?" "షో కోసం కొంటే ఇలాగే అవుతుంది." ఎవరూ నా ఫోన్ సంగతి ఎత్తలేదు, భాంజా ఎవరికీ చెప్పలేదు. అందుకే నేను చెబుతున్నాను. కారు మీద తప్పు వెయ్యకండి. ఆ కారు అంత దూరం వానలో సలామత్‌గా వచ్చింది. ఎత్తు తక్కువ కాబట్టి మలుపుల్లో మన ఎత్తు బండ్ల కంటే గట్టిగా నిలబడుతుంది, బ్రేకులు ఇంకా మంచివి. దానికి చేతకానిది ఒక్కటే, లోతైన నీళ్లు. ఆ ఒక్కటీ దాని చేత చేయించింది మేము. 2024 ఏప్రిల్ 16న దుబాయ్‌లో రికార్డులు మొదలయ్యాక ఎన్నడూ పడనంత వాన పడినప్పుడు అంత ఖరీదైన రోడ్ల మీదే కార్లు వరసలు వరసలుగా మునిగాయి. షార్జాలో నా పాత దోస్తు ఇప్పటికీ అదే పనిలో ఉన్నాడు. వాడు ఫోన్లో చెప్పిన మాట, "యార్, ఒక్కొక్కరిని అడిగితే ఇల్లు దగ్గర్లోనే ఉంది కదా అని దిగామంటున్నారు." మా భాంజాకి కూడా షాదీఖానా దగ్గర్లోనే ఉంది.

ఇన్సూరెన్స్ సంగతి కూడా చెప్పాలి, ఇలాంటి కార్లు ఉన్నవాళ్లు మన పాఠకుల్లోనూ ఉన్నారు, గల్ఫ్ నుంచి వచ్చి కొనాలనుకునే పిల్లలు ఇంకా ఎక్కువమంది ఉన్నారు. మామూలు పాలసీ వరదలో బండి మునిగితే ఇస్తుంది గానీ, నీళ్లు చేరాక స్టార్ట్ చేసినందుకు ఇంజిన్ పాడైతే, అది మీరు చేసుకున్న నష్టం అని తిప్పికొడతారు. ఇంజిన్ ప్రొటెక్షన్ అని వేరే కవర్ ఉంటుంది, అదనంగా కట్టి తీసుకోవాలి. భాంజా తీసుకోలేదు. గ్యారేజీ వాళ్లు పద్నాలుగు లక్షలన్నారు. సగం నేను ఇస్తానన్నాను, వాడు "ఛోడో మామూ" అన్నాడు. కారు ఇప్పుడు వాడి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కవర్ కప్పుకుని ఉంది.

తజుర్బాతో చెబుతున్నాను, అలాంటి కారుకి బెత్తెడు నీళ్లయితే పోవచ్చు, జానెడైతే ఆగిపోవాలి. ఫుట్‌పాత్ అంచు కనిపించడం లేదంటే జానెడు దాటినట్టే అనుకోండి. అడుగు కనిపించని నీళ్లు ఎంత తక్కువ అనిపించినా దిగొద్దు, మూత తీసిన మ్యాన్‌హోల్ ఎక్కడుందో మన ఊళ్లలో ఎవరికీ తెలియదు. బెత్తెడు నీళ్లలో పోవాల్సి వస్తే ఎదుటి బండి పూర్తిగా దాటేదాకా ఆగి, ఫస్ట్ గేర్‌లో, మనిషి నడిచే వేగంలో, మధ్యలో ఆగకుండా పోవాలి. ఆటోమేటిక్ అయితే మాన్యువల్‌లో పెట్టి ఫస్ట్‌లోనే ఉంచాలి. సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగిపోయే స్టార్ట్-స్టాప్ అని ఒకటి ఉంటుంది, దాన్ని ముందే ఆఫ్ చేసుకోవాలి, నీళ్ల మధ్యలో అది హుషారీ చూపిస్తే మన పని అయిపోతుంది. స్పీడ్ బ్రేకర్ల కోసం ముందు భాగాన్ని పైకి లేపే బటన్ కొన్ని కార్లకి ఉంటుంది, అది రెండు మూడు వేళ్ల ఎత్తు పెంచుతుందంతే, దాన్ని నమ్ముకుని నీళ్లలోకి దిగొద్దు. బయటికొచ్చాక బ్రేక్ మెల్లగా నొక్కుతూ ఆరబెట్టుకోవాలి. ఆగిపోతే మాత్రం మళ్లీ స్టార్ట్ చెయ్యొద్దు. అద్దం దించి, బయటికొచ్చి, ఎత్తైన చోట నిలబడి ఫోన్ చెయ్యండి. బండిని తాడు కట్టి ఈడ్పించకుండా, ఎత్తి పెట్టుకుని పోయే లారీనే పిలవండి.

కానీ భాయ్, ఇవన్నీ తెలిసిన ఇద్దరు మనుషులం ఆ రోజు ఫోన్‌కి రెండు వైపులా ఉన్నాం. ఇద్దరికీ తెలిసింది ఏం పనికొచ్చింది? అందుకే నేను అడిగేది స్టీరింగ్ పట్టుకున్నవాళ్లని కాదు, షాదీఖానాల్లో, ఇళ్లలో కూర్చుని ఎదురుచూసే మనల్ని. వాన పడుతుంటే ఎక్కడున్నావని పది నిమిషాలకోసారి ఫోన్ చేసే మామూలూ, చచ్చాలూ, సమ్ధనులూ మనమే. ఆలస్యంగా వచ్చినవాణ్ణి "ఇంత కారుండి ఇంతేనా" అని నవ్వేది మనమే. పాతికేళ్ల కుర్రాడికి నీళ్ల కంటే ఆ నవ్వంటే ఎక్కువ భయం. ముప్పై దాటినవాడికి కూడా అంతే, మా భాంజాని చూశాక తెలిసింది. మనం కళ్లతో చూడని నీళ్ల గురించి, మనం నడపని కారులో ఉన్నవాడికి, ఏసీ హాల్లో నిలబడి ఫత్వా ఇచ్చేస్తాం.

వానా, బురదా ఉన్న రోజున ముఅజ్జిన్‌తో, నమాజ్‌కి రండి అనే పిలుపు బదులు, ఇళ్లలోనే చదువుకోండి అని పలికించిన రివాయత్ ఇబ్నె అబ్బాస్ రజియల్లాహు అన్హు గురించి సహీహ్ బుఖారీలో ఉంది. అక్కడున్నవాళ్లు ఆశ్చర్యపోతే, జనాన్ని బురదలో నడిపించి ఇబ్బంది పెట్టడం ఇష్టం లేదన్నారాయన. జుమా రోజున మస్జిద్‌కి రావడానికే వానలో అంత రుఖ్సత్ ఉన్నప్పుడు, నా బేటీ నిఖాకి రావడానికి ఎందుకు ఉండకూడదు? ఆ రివాయత్ నేను ఎన్నోసార్లు విన్నదే. ఆ సాయంత్రం గుర్తురాలేదు. గడియారం ఒక్కటే గుర్తుంది.

కొంతమంది అంటారు, మరి నిఖా టైమ్‌కి కావాలి కదా, సమ్ధీల ముందు ఇజ్జత్ పోదా అని. నేనూ అదే అనుకున్నాను. ఆ తర్వాత సమ్ధీ సాబ్‌తో ఈ సంగతంతా చెప్పేశాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నన్ను అడిగుంటే ఇషా దాకా ఆగేవాళ్లం కదా భాయ్‌సాబ్" అన్నారు. అడగాలన్న ఖయాలే నాకు రాలేదు.

వచ్చే నెల మా ఛోటే భాయ్ కొడుకు వలీమా. వానలు ఇంకా పూర్తిగా వెళ్లలేదు. కార్డులు ముందే అచ్చయిపోయాయి కాబట్టి వాట్సాప్ గ్రూపులో పెట్టించాను, వాన పడితే తెల్లారాక బయల్దేరండి, ఎవరూ ఎవరికీ ఫోన్ చేసి తొందరపెట్టకండి, ఖానా ఉంటుంది అని. ఛోటే భాయ్ సణిగాడు, జనం రాకపోతే వండిందంతా ఏం చెయ్యాలని. బావర్చీని పిలిచి అడిగాం. దేగ్ కింద బొగ్గులు సన్నగా ఉంచితే ఫజర్ దాకా వేడిగానే ఉంటుందన్నాడు. భాంజా ఈసారి బహుతో బస్సులో వస్తున్నాడు. కారు ఎక్కడ అని మాత్రం ఎవరూ అడగొద్దని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాను.